రబ్బరు కప్పను కొర్రమీను ఎందుకు నమ్ముతుంది?

మృగశిర కార్తె వచ్చిందంటే నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో చేప ప్రసాదం కోసం జనం బారులు తీరుతారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఉబ్బసం రోగులు మత్స్యశాఖ కౌంటర్ దగ్గర వేలెడంత చేపపిల్లను కొనుక్కుని, ప్లాస్టిక్ కవర్‌లో పట్టుకుని వరసలో నిలబడతారు. బత్తిని కుటుంబం వాళ్లు పసుపు రంగు మందు ముద్దను ఆ పిల్ల నోట్లో పెట్టి, పిల్లను రోగి గొంతులో వేస్తారు. ఆ మందుతో ఉబ్బసం తగ్గుతుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. జనవిజ్ఞాన వేదిక ఈ మాట ఏళ్ల తరబడి చెబుతూనే ఉంది. ఆ వాదం అలా ఉంచి, కవర్‌లోని చేపను చూద్దాం. అది కొర్రమీను పిల్ల.

జూన్ ఉక్కలో, గుక్కెడు నీళ్లలో, అది చాలాసేపు చురుగ్గా కదులుతూనే ఉంటుంది. అదే కవర్‌లో రవ్వపిల్లనో బొచ్చెపిల్లనో వేస్తే త్వరలోనే వెల్లకిలా తేలుతుంది. తేడా కొర్రమీను తలలో ఉంది. మొప్పల పైన, రెండు వైపులా, మడతలు పడిన పొరలతో ఒక చిన్న గది ఉంటుంది. నీటిపైకి వచ్చి ఒక గుక్క గాలి మింగి ఆ గది నింపుకుంటే, పొరల్లోని రక్తనాళాలు ఆక్సిజన్‌ను లాగేసుకుంటాయి. ఎదిగిన కొర్రమీనుకు మొప్పలొక్కటే చాలవు. పైకి రానివ్వకుండా నీటి కిందే ఆపేస్తే చేప అయి ఉండీ ఊపిరాడక చస్తుంది.

ఈ ఒక్క సంగతి తెలిస్తే గాలం వేసేవాడికి సగం పని అయినట్టే. పైకి రాక తప్పని చేపను పైపైనే వెతకాలి. మిగతా సగం కూడా ఇలాంటిదే. కర్ర ఎంత గట్టిది ఉండాలి, దారం ఏ రకం, ఎర ఏ రంగు, ఏ నెలలో వెయ్యాలి, ఏ నెలలో మానాలి అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు చేప ఒంట్లోనూ అది బతికే చెరువులోనూ దొరుకుతుంది. దుకాణంలో వేలాడే రంగురంగుల ప్యాకెట్లు ఆ తర్వాతి సంగతి.

అక్కడ పైక్, ఇక్కడ కొర్రమట్ట

యూరప్, సైబీరియా, ఉత్తర అమెరికాల చల్లటి సరస్సుల్లో పైక్ అనే చేప ఉంటుంది. శాస్త్రనామం ఈసాక్స్ లూషియస్. మిన్నెసోటాలోనో కెనడాలోనో స్థిరపడ్డ తెలుగువాళ్లు లైసెన్సు తీసుకుని గాలం వేస్తే తగిలే పెద్ద చేపల్లో అదొకటి. పొడుగాటి ఒళ్లు, బాతు ముక్కులాంటి మూతి, వెనక్కి వంగిన పళ్లు. నీటిమొక్కల మధ్య కదలకుండా నిలబడి, ఎదురుగా వచ్చిన దాన్ని ఒక్క దూకుతో పట్టేస్తుంది.

మన కొర్రమీనునే కొర్రమట్ట అనీ అంటారు. శాస్త్రనామం చన్నా స్ట్రయేటా. తెలంగాణ రాష్ట్ర చేప ఇదే. గుర్రపుడెక్క కిందో, తూటికూర తీగల మధ్యో, జమ్ము దుబ్బుల పక్కనో దాగి ఉంటుంది. దీని దగ్గరి చుట్టం చన్నా మారూలియస్ అంతకంటే పెద్దది. మీటరు దాటి పెరుగుతుంది, నదుల్లో, పెద్ద జలాశయాల్లో ఎక్కువగా ఉంటుంది.

పైక్‌కూ కొర్రమీనుకూ చుట్టరికం లేదు. పొంచి కొట్టడమనే ఒకే వృత్తి వాటికి ఒకే తీరు అలవాట్లు నేర్పింది. పైక్ ఒంటి మీద వీపు రెక్క, కింది రెక్క రెండూ తోక దగ్గరికి జరిగి, తోకతో కలిసి ఒక పెద్ద తెడ్డు అవుతాయి. ప్రయోగశాలలో కొలిస్తే, పైక్ తొలి దూకులో త్వరణం గురుత్వ త్వరణానికి పది రెట్లు దాటింది. కొర్రమీనుకు వీపంతా, పొట్ట కిందంతా సాగిన పొడుగాటి రెక్కలు, గుండ్రటి తోక. ఒళ్లు వంచి ఒక్కసారిగా సాచితే ఆ రెక్కలన్నీ కలిసి నీటిని వెనక్కి తోస్తాయి.

ఇలాంటి దూకును నడిపేది తెల్ల కండరం. ఆక్సిజన్ కోసం ఆగకుండా పనిచేస్తుంది, అంతే త్వరగా అలిసిపోతుంది. అందుకే ఈ చేపలు ఎరను పది గజాలు తరమవు. ఎర వాటి గుమ్మం ముందుకే వెళ్లాలి. చెరువు నడిమధ్యకు బలమంతా పెట్టి విసిరేవాడి కన్నా, గట్టుకు రెండు గజాల దూరంలోని నాచు అంచు మీద, ఒకే చోట మూడు నాలుగుసార్లు, మెత్తగా వేసేవాడికే కొర్రమీను తగులుతుంది. కొనే కర్రకు దూరం కంటే గురి ముఖ్యమని కూడా ఇక్కడే తేలుతుంది.

కిందినుంచి చూస్తే

కొర్రమీను కళ్లు తలలో ముందుకు, పైవైపుకు ఉంటాయి. కింది దవడ కాస్త ముందుకు పొడుచుకు వస్తుంది. ఈ రెండూ పైన తేలేదాన్ని చూసి, కిందినుంచి మింగడానికి తగిన ఏర్పాట్లు. నీటిపై తేలే ఎరలు దీనికి బాగా పనిచేయడంలో వింత లేదు.

కాని నీటి కిందినుంచి పైలోకం మనకు కనిపించినట్టు కనిపించదు. గాలిలోంచి నీటిలోకి దిగేటప్పుడు కాంతి వంగుతుంది కాబట్టి, పైనున్న ఆకాశమూ గట్టూ అన్నీ కలిసి చేప తల మీద సుమారు 97 డిగ్రీల శంకువులోకి కుదించుకుపోతాయి. ఆ గుండ్రటి కిటికీ చుట్టూ నీటి ఉపరితలం అద్దంలా మారి చెరువు అడుగునే తిరిగి చూపిస్తుంది. కిటికీ ఎంత పెద్దదన్నది చేప ఎంత లోతులో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒక మీటరు లోతులో ఉంటే కిటికీ అడ్డుకొలత సుమారు రెండుంపావు మీటర్లు. నాచు కింద ఒక అడుగు లోతులో ఉంటే అది రెండుంపావు అడుగులే.

దీంట్లోంచి రెండు పాఠాలు తీసుకోవచ్చు. మొదటిది ఎర గురించి. కిటికీ బయట తేలుతున్న కప్పలో నీటిలో మునిగిన కాళ్లూ పొట్టా మాత్రమే చేపకు కనిపిస్తాయి. వీపు మీద తయారీదారు వేసిన చుక్కలు, చారలు కనిపించవు. ఎర కిటికీలోకి వచ్చాక కూడా వెలుతురు దాని వెనకనుంచి పడుతుంది కాబట్టి చేప చూసేది నల్లటి నీడరూపమే. అందుకే పొద్దున్నే, సాయంత్రం, మబ్బు పట్టినప్పుడు నల్ల కప్ప, ముదురు గోధుమరంగు కప్ప బాగా పనిచేస్తాయి. వెలుతురు లేని ఆకాశం మీద కూడా నలుపు స్పష్టంగా తేలుతుంది. పొట్ట రంగు చూసి కొనండి, వీపు రంగు కొనేవాడి కోసం వేసింది.

రెండోది మన గురించి. నీటి అంచు నుంచి పైకి పది డిగ్రీల లోపు ఉన్నదంతా ఆ కిటికీ అంచులో నలిగిపోయి చేపకు దాదాపు కనిపించదు. లెక్క వేస్తే, చేపకు పది మీటర్ల దూరంలో నీటి మట్టం దగ్గర నిలబడ్డ మనిషి సుమారు ఆ హద్దులో ఇమిడిపోతాడు. అయిదు మీటర్ల దగ్గరికి వస్తే హద్దు ఎత్తు మూడడుగుల కన్నా తక్కువ. దగ్గర్లో వేట అంటే గట్టు మీద గొంతుకూర్చోవడమే. ఎత్తైన కట్ట మీద నిలబడి విసిరేవాడు ఎంత ఖరీదైన కప్పను వేసినా, అంతకంటే ముందు తననే చేపకు చూపిస్తున్నాడు.

నిజం కప్ప అక్కర్లేదు

పల్లెల్లో కొర్రమట్ట కోసం బతికిన కప్పపిల్లను గాలానికి గుచ్చి వేయడం పాత పద్ధతి. రబ్బరు కప్పకు వాసన లేదు, రుచి లేదు, ఊపిరి లేదు. అయినా కొర్రమీను దాని మీద విరుచుకుపడుతుంది. ఎందుకు?

జవాబు చేపల వేట నుంచి కాకుండా జంతు ప్రవర్తనా శాస్త్రం నుంచి వచ్చింది. నీకో టిన్‌బర్గెన్ అనే డచ్చి శాస్త్రవేత్త ముళ్లచేప అనదగిన స్టికిల్‌బ్యాక్ మగవాటిని గమనించాడు. సంతాన ఋతువులో మగచేప పొట్ట ఎర్రబడుతుంది, తన హద్దులోకి వచ్చిన మరో మగదాన్ని అది తరుముతుంది. అచ్చం చేపలాగే చేసినా పొట్ట ఎర్రగా లేని బొమ్మను అది అంతగా పట్టించుకోలేదు. చేప ఆకారమే సరిగా లేని ముద్దకు కింద ఎరుపు పూస్తే మాత్రం దాడి చేసింది. కిటికీ బయట వీధిలో ఎర్రటి పోస్టు బండి వెళ్తుంటే తొట్టిలోని చేపలు దానివైపు ఉరికాయని కూడా టిన్‌బర్గెన్ రాశాడు. జంతువు తన ముందున్న వస్తువు మొత్తాన్నీ పరీక్షించదు. ఒకటి రెండు గుర్తులు కలిస్తే చాలు, దాని చర్య మొదలవుతుంది. ఈ తరహా పరిశోధనలకు ఆయన 1973లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి పంచుకున్నాడు.

ఎరలు చేసినవాళ్లు ఈ సూత్రాన్ని పేరు తెలియకుండానే వాడుకున్నారు. అమెరికాలో జూలియో బ్యూయెల్ చెంచా ఆకారపు లోహపు రేకు ఎరకు 1852లో పేటెంటు తీసుకున్నాడు. అది చేపలా కనిపించదు. తళుక్కుమని ఊగుతుంది, అంతే. 19వ శతాబ్దం చివర్లో మిషిగన్‌కు చెందిన జేమ్స్ హెడన్ చెక్కతో కప్పలు చెక్కాడు. ఫిన్లండ్ జాలరి లౌరీ రపాలా, గుంపులో తడబడుతూ ఈదే చేపను వేటచేపలు ఏరుకుంటాయని గమనించి, 1936లో బెండుతో ఒక ఎర చెక్కాడు. దాని మీద చాక్లెట్ రేకు అంటించి, ఫొటో నెగటివ్‌లు కరిగించి పూత పూశాడు. అది ఈదుతుంటే అటూ ఇటూ ఊగుతుంది. పైక్ కోసం ఈనాటికీ వాడే ఎరల్లో చాలావాటికి మూలం ఆ ఊగే కదలికే.

కొర్రమీనుకు కావలసిన గుర్తులు మూడు. పైన నల్లటి రూపం ఒకటి. ఆగి ఆగి, కుదుపుతో కదలడం రెండోది. మూడోది నీటి కంపం. చేప పక్కల వెంట తల నుంచి తోక దాకా సాగే గీత మీద సూక్ష్మమైన ఇంద్రియకణాలు ఉంటాయి. వాటికి దగ్గర్లోని నెమ్మదైన అలజడి, నీటి తోపు తెలుస్తాయి. బురదనీటిలో, నాచు కింద, కన్ను అందని చోట ఈ గీతే ముందు సమాచారం అందిస్తుంది. చెరువు నీరు కాఫీ రంగులో ఉన్నప్పుడు వెనక చిన్న పంకా ఉన్న కప్పనో, గలగలమనే గుళ్లున్న ఎరనో ఎంచుకోవడానికి కారణం ఇదే. నీళ్లు తేటగా ఉంటే అంత గోల వద్దు. మెత్తని రబ్బరు కాళ్లు చాలు.

ఎర పరిమాణం చేప నోటిని బట్టి. కొర్రమీను నమలదు, గుటుక్కున మింగుతుంది. కాబట్టి నోరు పట్టేంత ఎరే దానికి హద్దు. ఆ నోరేమో చాలా పెద్దది. హేచరీల్లో కొర్రమీను పిల్లల్ని పెంచేవాళ్లకు పెద్ద తలనొప్పి ఇదే: ఒకే తొట్టిలో కాస్త ముందు ఎదిగిన పిల్ల తన తోబుట్టువుల్నే మింగేస్తుంది, అందుకే పరిమాణాల వారీగా పదే పదే వేరు చేయాలి. ఎదిగిన చేపకు అయిదారు సెంటీమీటర్ల కప్ప మరీ పెద్దదేమీ కాదు. అంతకంటే చిన్నది వేస్తే చిన్న చేపలే ఎక్కువ తగులుతాయి.

చేతిలోకి తీసుకుని చూడండి

మంచి రబ్బరు కప్ప లోపల బోలుగా ఉంటుంది. వీపుకు ఆనుకుని, మొనలు పైకి తిరిగి, రెండు హుక్కులు. వాటి మొనలు కప్ప ఒంటిని దాటి బయటికి రావు. గుర్రపుడెక్క ఆకుల మీదుగా లాగినా చిక్కుకోకపోవడం వాటి అమరిక పుణ్యమే. బొటనవేలితో వీపు నొక్కండి. ఒళ్లు అణిగిపోయి రెండు మొనలూ బయటపడాలి. చేప నోరు మూసినప్పుడు జరిగేదీ ఇదే. రబ్బరు గట్టిగా ఉండి మీ వేలికే అణగకపోతే, చేప కరిచినా హుక్కు దిగదు. దుకాణంలోనే చేయగలిగిన ఈ ఒక్క పరీక్ష సగం చెత్త సరుకును ఏరివేస్తుంది.

తర్వాత మొన. గోటి మీద ఏటవాలుగా ఆనించి మెల్లగా లాగండి. పదునైన మొన గోటిలో తట్టుకుని ఆగుతుంది, మొద్దుది జారిపోతుంది. కొర్రమీను నోరు గట్టి ఎముక; మొద్దు మొన దానిలోకి దిగదు. ట్రూప్‌బజార్ హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికే సన్నని ఆకురాయి ఒకటి, మూతి సన్నని నోస్ ప్లేయర్ ఒకటి చాలు. ఆకురాయి మొనకు. ప్లేయర్‌తో రెండు పనులు: హుక్కు లోపలి ఎదురుముల్లును ముందుగానే నొక్కి చదును చేయడం, పట్టిన చేప నోట్లోంచి హుక్కును తీయడం. ఎదురుముల్లు లేని హుక్కు వల్ల చేపకు గాయం తక్కువ, అది మన వేలిలో దిగినా ఉస్మానియా ఆసుపత్రికి పరిగెత్తాల్సిన పని ఉండదు.

కప్ప పొట్ట కింద చిన్న రంధ్రం ఉందేమో కూడా చూడాలి. పదే పదే విసిరితే లోపలికి నీరు చేరి కప్ప మునుగుతుంది. నొక్కితే ఆ రంధ్రం గుండా నీరు బయటికి రావాలి.

దారం, కర్ర, రీలు

దారం విషయంలో శాస్త్రం సూటిగా చెబుతుంది. నైలాన్ దారం లాగితే బాగా సాగుతుంది. ఇరవై మీటర్ల దూరంలో చేప కొట్టినప్పుడు మీరు కర్ర ఎత్తితే, ఆ ఊపులో చాలా భాగం దారం సాగడంలోనే ఖర్చవుతుంది. సన్నని పాలిథిలీన్ పోగులను జడలా అల్లిన బ్రెయిడ్ దాదాపు సాగదు. పైగా దాని సాంద్రత నీటికంటే కాస్త తక్కువ, 0.97, అది తేలుతుంది. నైలాన్‌ది 1.14, ఫ్లోరోకార్బన్‌ది 1.78, ఈ రెండూ మునుగుతాయి. తేలే కప్పకు మునిగే దారం కడితే దారం కప్ప మూతిని కిందికి లాగుతుంది. నాచులో కొర్రమీనుకు 40 నుంచి 50 పౌండ్ల బ్రెయిడ్ కట్టడం మామూలు. చేప అంత బరువు ఉంటుందని కాదు. చేపతో పాటు పైకి లాగాల్సిన నాచు బరువు దానికంటే ఎక్కువ.

పైక్‌కు ఇంకొకటి కావాలి: ఎరకు ముందు ఒక జానెడు లోహపు తీగ. పైక్ పళ్లు బ్రెయిడ్‌నైనా కోసేస్తాయి; తీగ లేకుండా వేస్తే దారం తెగి, హుక్కులు నోట్లో ఉండిపోయిన చేప మెల్లగా చస్తుంది. కొర్రమీనుకూ పళ్లున్నాయి గాని అవి పట్టుకోవడానికి పనికొచ్చేవి, కోసేవి కావు. బ్రెయిడ్‌ను నేరుగా కప్పకు కట్టొచ్చు. బ్రెయిడ్ జారుడుది కాబట్టి మామూలు ముడి నిలవదు. దారాన్ని రెండు పేటలుగా కన్నంలో దూర్చి, వదులు ముడి వేసి, ఆ ఉచ్చులోంచి కప్పను దాటించి బిగించే పాలొమార్ ముడి నిలుస్తుంది. బిగించే ముందు ఉమ్మితో తడపాలి. పొడిగా లాగితే రాపిడి వేడికి దారం బలం తగ్గుతుంది.

కర్ర ఆరున్నర నుంచి ఏడడుగులు, కొస తప్ప మిగతా అంతా గట్టిగా ఉండాలి. కొస కాస్త వంగితే ఇరవై గ్రాముల కప్పను గురిగా విసరొచ్చు. నడుము గట్టిగా ఉంటే తగిలిన మొదటి రెండు మూడు క్షణాల్లోనే చేప తలను పైకి తిప్పొచ్చు. ఆ క్షణాలు దాటితే కొర్రమీను జమ్ము వేళ్లలో దూరి దారం చుట్టేస్తుంది. రీలు ఏ రకమైనా ఫరవాలేదు గాని, చేపకు దారం వదిలే డ్రాగ్ గట్టిగా బిగించాలి. తేటనీటి మధ్యలో పెద్ద చేపతో ఆడేవాళ్లు డ్రాగ్ వదులుగా పెట్టుకుంటారు. నాచు చెరువులో ఆ మర్యాద చెల్లదు.

ఇక చేప కొట్టాక ఏం చేయాలన్నది. కొర్రమీను నోరు తెరిచి నీటితో సహా ఎరను లోపలికి పీలుస్తుంది. పైన బుడుంగుమనగానే కర్ర ఎత్తితే, కప్ప ఇంకా పెదవుల దగ్గరే ఉంటుంది. గాలిలో ఎగిరి మీ దగ్గరికి వచ్చిపడుతుంది. కప్ప కనుమరుగయ్యాక, దారం బిగుసుకుని పక్కకు జరగడం చూశాక ఎత్తాలి. ఒకటి రెండు క్షణాలే, కాని చేతిని ఆపడం నేర్చుకోవడానికి కొందరికి ఒక వేసవంతా పడుతుంది.

వాళ్లకు వసంతం, మనకు ఎండాకాలం

పెద్ద పైక్ కావాలనుకునేవాళ్లు వసంతం కోసం ఎదురుచూస్తారు. మంచు కరిగాక, నీరు ఆరేడు డిగ్రీలు దాటుతుండగా, పైక్‌లు లోతు వదిలి వరదనీరు కప్పిన గడ్డిలోకి గుడ్లు పెట్టడానికి వస్తాయి. అన్నిటికంటే పెద్దవి ఆడవే. గుడ్లు పెట్టాక అవి బక్కచిక్కి, ఎండ తగిలి ముందుగా వెచ్చబడే లోతులేని మూలల్లో నిలుస్తాయి. అప్పుడు వాటికి పెద్ద ఎరను నెమ్మదిగా, మధ్యమధ్య ఆపుతూ లాగాలి. కారణం జీవక్రియ. ఒంటి వేడి నీటితో పాటే మారే జీవుల్లో ప్రతి 10 డిగ్రీలకు జీవక్రియ వేగం సుమారు రెండు మూడు రెట్లు మారుతుంది. చల్లటి నీటిలోని పైక్‌కు ఒక్క పెద్ద ముద్ద చాలా రోజులు సరిపోతుంది. చిన్నదాని వెంట పరిగెత్తడం దానికి గిట్టుబాటు కాదు.

మన చెరువుల్లో లెక్క తిరగబడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పైనీరు 30 డిగ్రీలు దాటుతుంది. అరుగుదల వేగం, ఆకలి వేగం. చెరువు ఎండి శిఖం భూములు బయటపడి, మిగిలిన నీటిలో కొర్రమీన్లు నాచు మడుగుల చుట్టూ చేరతాయి. వానల ముందు ఆడచేపలు గుడ్లతో బరువెక్కుతుంటాయి. పెద్ద చేప తగిలే కాలం ఇదే.

రోజులో ఏ వేళ అన్నదానికీ గాలి పీల్చే గుణమే జవాబు. పగలు నీటిమొక్కలు ఆక్సిజన్ వదులుతాయి. రాత్రంతా అవి కూడా దాన్ని వాడుకుంటాయి. కాబట్టి నాచు చెరువులో ఆక్సిజన్ అతి తక్కువగా ఉండేది సూర్యోదయానికి ముందు. రవ్వలు, పరకలు నోళ్లు తెరుచుకుని పైకి తేలి ఆయాసపడే ఆ వేళలో, బయటి గాలి పీల్చే కొర్రమీను కులాసాగా తిరుగుతుంది. తెల్లవారుజామున గట్టు మీద కూర్చుని చూస్తే, నాచు సందుల్లో నోరు తెరిచి గాలి మింగిన చప్పుడు, ఒక గుండ్రటి అల కనిపిస్తాయి. చెరువులో చేప ఎక్కడుందో అదే స్వయంగా చెప్పే క్షణం అది. కాస్త అవతలికి విసిరి, ఆ అల మీదుగా కప్పను నడిపించాలి.

ఒక హెచ్చరిక. ఆక్సిజన్ లేని నీటిలోనూ బతుకుతుంది కాబట్టి మురుగు కలిసిన హైదరాబాద్ చెరువుల్లో కూడా కొర్రమీను ఉంటుంది. బతికిందంటే నీరు శుభ్రమని అర్థం కాదు. అలాంటి చోట పట్టింది వదిలేయాలి, కూర వండుకోకూడదు.

ఆకలితో కొట్టింది, కోపంతో కొట్టింది

తొలకరి వానలకు చెరువు నిండి, ఎండాకాలమంతా గడ్డి మొలిచిన శిఖం మునుగుతుంది. పైక్‌కు వరద గడ్డి ఎలాగో కొర్రమీనుకు ఇది అలాగు. జంట కలిసి మొక్కల మధ్య గుండ్రంగా చోటు శుభ్రం చేసుకుంటుంది. నూనె బొట్టు ఉండటం వల్ల గుడ్లు పైకి తేలతాయి. వెచ్చటి నీటిలో అవి ఒకటి రెండు రోజుల్లోనే పిల్లలవుతాయి. కొన్నాళ్లకు పిల్లలు నారింజ ఎరుపు రంగుకు తిరిగి, గుంపుగా కదులుతూ, అన్నీ ఒకేసారి గాలి కోసం పైకి వస్తాయి. అప్పుడు ఆ చోట నీరు ఎర్రగా ఉడుకుతున్నట్టు కనిపిస్తుంది. తల్లీ తండ్రీ కిందే కాపలా కాస్తాయి.

ఆ గుంపు మధ్యలో కప్పను పడేస్తే పెద్దచేప కొట్టడం దాదాపు ఖాయం. అక్కడ కప్ప రంగు, పరిమాణం, విసిరే నేర్పు ఏవీ లెక్కలోకి రావు. టిన్‌బర్గెన్ మగచేప ఎర్రటి ముద్దను తరిమినట్టే, ఇది పిల్లల మీదికి వచ్చిన దేన్నయినా తరుముతుంది. గాలం పట్టినవాడి ప్రతిభ అందులో ఏమీ లేదు. కొత్తగా గాలం పట్టిన కుర్రాడికీ చెరువు సొసైటీలోని పెద్దాయనకూ గట్టు మీద జరిగే మాటలు ఇలా ఉంటాయి.

"అన్నా, అగో, నీళ్లు ఎర్రగ కనవడ్తున్నయ్. కప్పనెయ్యనా?"

"ఎయ్యకు తమ్మీ. అవి కొర్రమట్ట పిల్లలు. తల్లి కిందనే ఉంటది. దాన్ని తీస్తివంటే పిల్లలన్నీ వేరే చేపల పాలైతయ్."

పెద్దాయన మాటలో జీవశాస్త్రం నూటికి నూరుపాళ్లు ఉంది. కాపలా పోయిన గుంపును జెల్లలు, నీటిపాములు, కొంగలు తినేస్తాయి. ఒక్క చేపను తీస్తే వేల పిల్లలకు రక్షణ పోతుంది. ఇంగ్లండ్, వేల్స్ నదుల్లో మార్చి 15 నుంచి జూన్ 15 దాకా పైక్‌తో సహా ఇలాంటి చేపలకు గాలం వేయడం నిషేధం. గుడ్లు పెట్టే కాలాన్ని కాపాడటం దాని ఉద్దేశం. మన దగ్గర చెరువుల మీద హక్కు చాలాచోట్ల ముదిరాజ్, గంగపుత్ర మత్స్యకారుల సహకార సంఘాలది. సరదాగా గాలం వేసేవాళ్లు ముందు వాళ్లను అడగాలి. ఏ మూలలో పిల్లలున్నాయో, ఎప్పుడు వేయకూడదో వాళ్ల నోటే వినొచ్చు.

నగరం చుట్టూ ఇంకో నష్టం కూడా జరుగుతోంది. శిఖంలో ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండే మట్టం) గీత లోపల మట్టి పోసి ఇల్లు కడితే పోయేది నీరు నిలిచే చోటు మాత్రమే కాదు. చెరువు నిండినా మునిగే గడ్డి ఉండదు, కొర్రమీను గుడ్లకు చోటు ఉండదు. లోతు మిగిలి అంచు పోయిన చెరువు దీనికి సగం చెరువే.

కాబట్టి వానాకాలం వచ్చాక కొర్రమీను కప్పల్ని పెట్టెలో పెట్టేయండి. ఆ నెలల్లో చేతులు ఊరుకోకపోతే జిలేబీ చేప ఉంది. ఆఫ్రికాకు చెందిన, 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా ఇది. చెరువులు నింపేసి స్థానిక చేపల తిండిని పంచుకుంటోంది. సన్నని కర్ర, ఎనిమిది పౌండ్ల నైలాన్ దారం, చిన్న హుక్కు, గోధుమపిండి ఉండ చాలు. ఎంత పట్టినా చెరువుకు మేలే. నల్ల కప్పతో మళ్లీ పని వచ్చే ఎండాకాలంలో.